త్రిభుజాల పాత సిద్ధాంతాలకు కొత్త నిరూపణలు, చిన్న నిరూపణలు

విభాగం: లెక్కలు, సరదాగా | బెంగళూరు తెలుగువాళ్ల చర్చా వేదిక

ఓఆర్ఆర్_బాటసారి | శుక్రవారం రాత్రి 9:20

అందరికీ నమస్కారం. మా అమ్మాయి తొమ్మిదో తరగతి, మారతహళ్లి దగ్గర స్కూలు. అమెరికాలో ఇద్దరు హైస్కూల్ ఆడపిల్లలు పైథాగరస్ సిద్ధాంతానికి కొత్త నిరూపణ కనిపెట్టారన్న వీడియో చూసింది. అప్పట్నుంచి ఒకటే పోరు. ఒకసారి రుజువైపోయిన దాన్ని మళ్లీ ఎందుకు రుజువు చేయడం నాన్నా అని. ఇంజినీరింగ్‌లో లెక్కలు బాగానే గట్టెక్కినవాణ్ణి గానీ దీనికి జవాబు తోచలేదు.

రెండు అడుగుతున్నా. ఆ పిల్లలు చేసిందేంటో పదో తరగతి లెక్కలతో చెప్పగలరా? త్రిభుజాల మీద మిగతా పాత సిద్ధాంతాలకు కూడా పాఠ్యపుస్తకంలో లేని చిన్న నిరూపణలు మీ దగ్గర ఉంటే పెట్టండి. పెద్ద గణితం వద్దు, దయచేసి.

నిర్వాహకుడు | శుక్రవారం రాత్రి 9:41

ఈ విభాగంలో బిందువుల పేర్లు కూడా తెలుగులోనే. అందరూ ఒకే పేర్లు వాడితే గందరగోళం ఉండదు. శీర్షాలు క, చ, ట. వాటికి ఎదురు భుజాలు వరసగా అ, ఇ, ఉ. లంబకోణ త్రిభుజమైతే లంబకోణం ట దగ్గర, కర్ణం ఉ. బొమ్మల అప్‌లోడ్ ఇంకా బాగవలేదు, కాగితం మీద ఎవరికి వాళ్లు గీసుకోండి.

కర్ణం | శుక్రవారం రాత్రి 10:30

ఆ ఇద్దరూ కాల్సియా జాన్సన్, నెకియా జాక్సన్. అప్పట్లో న్యూ ఆర్లీన్స్‌లో సెయింట్ మేరీస్ అకాడమీ విద్యార్థినులు. 2023 మార్చిలో అట్లాంటాలో అమెరికన్ మ్యాథమెటికల్ సొసైటీ సభలో చెప్పారు. 2024 అక్టోబర్‌లో అమెరికన్ మ్యాథమెటికల్ మంత్లీలో పేపర్ వచ్చింది. అందులో ఐదు నిరూపణలు, ఇంకో ఐదింటికి దారి.

కొత్తదనం ఎక్కడంటే, ఎలీషా లూమిస్ అనే ఆయన పైథాగరస్ నిరూపణలు 370 దాకా పోగేసి పుస్తకం వేశాడు, రెండో కూర్పు 1940లో. త్రికోణమితితో మాత్రం నిరూపణ కుదరదు, ఆ సూత్రాలన్నీ పైథాగరస్ మీదే నిలబడ్డాయి కదా అని అందులో రాశాడు. సైన్² + కొసైన్² = 1 ని మామూలుగా పైథాగరస్ నుంచే తెస్తారు, నిజమే. సైన్ సూత్రానికి మాత్రం పైథాగరస్‌తో పనిలేదు. త్రిభుజంలో ఎత్తు గీసి రెండు వైపులనుంచి రాస్తే వచ్చేస్తుంది. ఇలాగే పైథాగరస్‌తో పనిలేని కోణాల తేడా సూత్రాలతో 2009లోనే జేసన్ జింబా ఒక త్రికోణమితి నిరూపణ ఇచ్చాడు. కాబట్టి "ప్రపంచంలో మొట్టమొదట" అని టీవీల్లో ఊదరగొట్టింది అతి. పిల్లల దారి మాత్రం పూర్తిగా వాళ్లదే.

ఇదీ దారి. అ కంటే ఇ పెద్దది అనుకోండి. క దగ్గర కోణం త. త్రిభుజాన్ని ఇ భుజం మీదుగా తిప్పి అవతల ఇంకోటి పెడితే సమద్విబాహు త్రిభుజం వస్తుంది. భుజాలు ఉ, ఉ, అడుగు 2అ, పైకోణం 2త. చ అవతలి ప్రతిబింబాన్ని చా అందాం. సైన్ సూత్రం వేస్తే

సైన్ 2త = 2అ × (ఇ/ఉ) ÷ ఉ = 2అఇ/ఉ²

ఇప్పుడు చ దగ్గర కచ గీతకు లంబం లేపి, కచా గీతను పొడిగించి రెండూ కలిసే చోటు న అనండి. కచన లంబకోణ త్రిభుజం, క దగ్గర కోణం అదే 2త. చచాన అనే మిగులు ముక్కలో చా నుంచి అడుగుకు లంబం, అది తగిలిన చోటినుంచి మళ్లీ లంబం, అలా అటూ ఇటూ గీసుకుంటూ పోతే మన త్రిభుజానికి సరూపమైన ముక్కలు చిన్నవై చిన్నవై న వైపు పోతాయి. గుణశ్రేఢి, సామాన్య నిష్పత్తి అ²/ఇ². మొత్తాలు కడితే

చన = 2అఇఉ/(ఇ² − అ²), కన = ఉ(ఇ² + అ²)/(ఇ² − అ²)

భాగిస్తే సైన్ 2త = 2అఇ/(అ² + ఇ²). పైన వచ్చింది 2అఇ/ఉ². రెండూ ఒకటే కాబట్టి ఉ² = అ² + ఇ².

జయనగర్_పంతులమ్మ | శనివారం ఉదయం 6:15

కర్ణం గారు బాగా చెప్పారు. ముప్పై ఏళ్లు పదో తరగతికి లెక్కలు చెప్పినదాన్ని, కాబట్టి కొంచెం దిద్దుబాటు పెన్ను తీస్తున్నాను, ఏమనుకోకండి.

ఒకటి. అ, ఇ సమానమైతే ఆ రెండు గీతలూ సమాంతరమైపోతాయి, న అనే బిందువే ఉండదు. ఆ సందర్భం విడిగా చూడాలి. అలాంటి త్రిభుజాలు నాలుగు చేరిస్తే ఉ భుజంగా చదరం వస్తుంది. వైశాల్యం 4 × అ²/2, అంటే 2అ². అయిపోయింది.

రెండు. అనంత శ్రేఢి అక్కర్లేదు. మొదటి రెండు ముక్కలు కోసేశాక మిగిలింది చచానకే సరూపం, అ²/ఇ² రెట్లు చిన్నది. కాబట్టి చన = 2అఉ/ఇ + (అ²/ఇ²) × చన. ఇది ఏడో తరగతి సమీకరణం. అనంతం బొమ్మకు అందం, లెక్కకు అవసరం కాదు.

ఇక సరళమైనది కావాలంటే, పాపకు ఇది చెప్పండి. ట నుంచి కర్ణం మీదికి లంబం గీయండి. త్రిభుజం రెండు ముక్కలైంది. రెండూ మొదటిదానికి సరూపాలే. మూడింటి కర్ణాలు అ, ఇ, ఉ. సరూప త్రిభుజాల వైశాల్యం కర్ణం వర్గానికి అనుపాతం, అంటే ఏదో ఒక గ × కర్ణం². రెండు ముక్కల వైశాల్యాలు కలిపితే పెద్దది కాబట్టి గఅ² + గఇ² = గఉ². గ కొట్టేయండి. ఐన్‌స్టైన్ చిన్నప్పుడు ఇలాగే చేశాడని చెప్పుకుంటారు. చేసినా చేయకపోయినా నిరూపణకు వచ్చే లోటు లేదు.

హిందూపురం_హుషారు | శనివారం ఉదయం 7:50

ఇదంతా మనోళ్లు ఎప్పుడో చెప్పినారు గదప్పా. బౌధాయన శుల్బసూత్రాల్లోనే ఉంది గదా. మళ్లా అమెరికా యాల?

కర్ణం | శనివారం ఉదయం 8:30

నియమం ఉంది అన్నా, ఎవరూ కాదనరు. దీర్ఘచతురస్రం కర్ణం మీద చదరం, రెండు భుజాల మీద చదరాల మొత్తానికి సమానమని అందులో ఉంది. యజ్ఞవేదికలు కట్టేవాళ్లకు కావాల్సింది అదే, రుజువు రాయలేదు. రుజువు కావాలంటే భాస్కరాచార్యుడి బీజగణితానికి రావాలి, 1150 నాటిది. కర్ణం మీద చదరంలో నాలుగు త్రిభుజాలు అమర్చితే మధ్యలో (ఇ − అ) భుజంగా చిన్న చదరం మిగులుతుంది. ఉ² = 4 × అఇ/2 + (ఇ − అ)². విప్పితే అ² + ఇ². పంతులమ్మ గారి దానికంటే ఇదే నాకు ఇష్టం, ఎందుకంటే సరూపం అన్న మాటే రాలేదు.

హిందూపురం_హుషారు | శనివారం ఉదయం 8:34

సరే, ఒప్పుకుంటి. సాగనీ.

జయనగర్_పంతులమ్మ | శనివారం ఉదయం 9:05

పాఠ్యపుస్తకంలో అనవసరంగా చుట్టుతిప్పే నిరూపణలు ఇంకో రెండున్నాయి.

కోణ సమద్విఖండన రేఖ ఎదురు భుజాన్ని పక్క భుజాల నిష్పత్తిలో విభజిస్తుంది. పుస్తకం సమాంతర రేఖ గీసి, భుజం పొడిగించి, పేజీ నింపుతుంది. అవసరమా? క నుంచి సమద్విఖండన రేఖ చటను న దగ్గర తాకిందనుకోండి. న నుంచి కచకూ, కటకూ లంబదూరాలు సమానం. కాబట్టి కచన, కటన వైశాల్యాల నిష్పత్తి కచ : కట. అవే త్రిభుజాలను చట గీత మీద కూర్చోబెట్టి చూస్తే ఎత్తు ఒకటే, నిష్పత్తి చన : నట. రెండు వాక్యాలు.

ఇక మూడు ఎత్తులూ ఒకే బిందువులో కలుస్తాయి అన్నది. ఒక్కో శీర్షం గుండా ఎదురు భుజానికి సమాంతర రేఖ గీస్తే పెద్ద త్రిభుజం వస్తుంది. మన శీర్షాలు దాని భుజాల మధ్య బిందువులు. మన ఎత్తులు దాని లంబ సమద్విఖండన రేఖలు, అవి కలుస్తాయని ముందే తెలుసు. ఇది గౌస్ చూపిన దారి.

అర్ధరాత్రి_కోడర్ | ఆదివారం తెల్లవారుజాము 1:47

నాది ఒకటి. స్టైనర్–లేమస్ సిద్ధాంతం. రెండు కోణ సమద్విఖండన రేఖలు సమానమైతే త్రిభుజం సమద్విబాహు త్రిభుజం. వినడానికి ఇది కూడా ఒక సిద్ధాంతమా అనిపిస్తుంది. దీని విపర్యయం ఎవరైనా చేస్తారు. ఇది మాత్రం 1840లో లేమస్ ఫ్రాన్స్‌లో ఉన్న స్టర్మ్‌కి ఉత్తరం రాసి, శుద్ధ జ్యామితి నిరూపణ ఎవరైనా ఇస్తారా అని అడిగాడు. స్టైనర్ ఇచ్చాడు. ఆ తర్వాత వందేళ్లు దాటినా కొత్తవి వస్తూనే ఉన్నాయి.

నా వెర్షన్ రెండు లైన్లు. చ, ట ల నుంచి సమద్విఖండన రేఖల పొడవులు పచ, పట అనుకోండి.

పచ² = అఉ × [1 − (ఇ/(అ+ఉ))²]
పట² = అఇ × [1 − (ఉ/(అ+ఇ))²]

ఇ > ఉ అయితే అఉ < అఇ. ఇ/(అ+ఉ) > ఉ/(అ+ఇ) కాబట్టి బ్రాకెట్ కూడా మొదటిదే చిన్నది. అంటే పచ < పట. ఉ > ఇ అయితే తిరగేయండి. సమానం కావాలంటే ఇ = ఉ తప్ప దారి లేదు. గుడ్ నైట్.

జయనగర్_పంతులమ్మ | ఆదివారం ఉదయం 6:02

బాబూ, రెండు లైన్లు అంటే ఎలా? ఆ సూత్రం ఆకాశం నుంచి ఊడిపడిందా?

అర్ధరాత్రి_కోడర్ | ఆదివారం మధ్యాహ్నం 12:10

ఇప్పుడే లేచా మేడమ్. వైశాల్యంతో వస్తుంది. పచ గీత త్రిభుజాన్ని రెండు ముక్కలు చేస్తుంది. చ కోణం 2థ అనుకుంటే

½ అఉ సైన్ 2థ = ½ పచ (అ + ఉ) సైన్ థ

అంటే పచ = 2అఉ కొసైన్ థ/(అ + ఉ). వర్గం చేసి, కొసైన్ సూత్రంతో కొసైన్² థ తీసి పెడితే పై సూత్రం. ఇంకో నాలుగు లైన్లు, అంతే.

పాలమూరు_పిల్ల | ఆదివారం మధ్యాహ్నం 1:25

మస్తుగ ఉంది. కానీ నాదొక డౌటు. ఇది ప్రత్యక్ష నిరూపణ కాదు గదా? "ఇ పెద్దదైతే" అని మొదలువెట్టి కాదనిపించినవ్. సమానం, సమానం, కాబట్టి సమానం అని నేరుగ వోయే నిరూపణ ఎందుకుండదు? మా ఎమ్మెస్సీ క్లాసుల దీనిమీద పెద్ద లొల్లి అయింది.

కర్ణం | ఆదివారం మధ్యాహ్నం 3:40

ఆ లొల్లికి చాలా వయసుంది చెల్లీ. సిల్వెస్టర్ 1852లోనే దీని మీద రాశాడు. 2014లో జాన్ కాన్వే, అలెక్స్ రైబా కలిసి మ్యాథమెటికల్ గెజెట్‌లో మళ్లీ తీసుకున్నారు. వాళ్ల మాట సారాంశం నాకు అర్థమైనంత వరకు ఇది. లోపలి సమద్విఖండన రేఖల బదులు బయటివి తీసుకుంటే సిద్ధాంతం తప్పు. బీజగణితానికి లోపలా బయటా తేడా తెలియదు. కాబట్టి ఒట్టి సమీకరణాలతో పోయే నిరూపణ ఉంటే అది బయటి రేఖలకూ పనిచేసేయాలి, పనిచేయకూడదు కదా. ఎక్కడో ఒకచోట "పెద్ద, చిన్న" రాక తప్పదు.

బయటివాటికి తప్పు అనడానికి ఒక త్రిభుజం చాలు. కోణాలు క = 12°, చ = 132°, ట = 36°. క దగ్గర బాహ్య సమద్విఖండన రేఖ కచతో 84° చేస్తుంది. అది ట–చ గీత పొడిగింపును తాకే చోటు న అయితే, కచన త్రిభుజంలో కోణాలు 84, 48, 48. కాబట్టి కన = కచ. ఇక చ దగ్గర బాహ్య రేఖ, ట వైపున, కచతో 156° చేస్తుంది. క–ట గీత పొడిగింపును మ దగ్గర తాకితే, కచమ త్రిభుజంలో కోణాలు 12, 156, 12. కాబట్టి చమ = కచ. రెండు బాహ్య రేఖలూ కచకే సమానం, త్రిభుజం చూస్తే 12, 132, 36. ఏ రెండు భుజాలూ సమానం కావు.

పాలమూరు_పిల్ల | ఆదివారం సాయంత్రం 4:05

అరె! ఇది మా సార్ చెప్పలే. లొల్లి ఒక్క త్రిభుజంతోని ఒడిసింది.

సున్నా_కన్నా_తక్కువ | ఆదివారం సాయంత్రం 6:30

ఇంటర్ పిల్లలకు పాఠం చెప్పేవాణ్ణి, నా వంతుగా హెరాన్ సూత్రం. దీన్ని ఇంత పొట్టిగా ఇంకెక్కడా చూడలేదు. మైల్స్ ఎడ్వర్డ్స్, అమెరికన్ మ్యాథమెటికల్ మంత్లీ, 2007.

అంతర వృత్తం వ్యాసార్ధం ర. శీర్షాల నుంచి స్పర్శరేఖల పొడవులు య, ల, వ. మూడూ కలిపితే అర్ధ చుట్టుకొలత స. య = స − అ, ల = స − ఇ, వ = స − ఉ. వృత్తకేంద్రం నుంచి శీర్షాలకూ, స్పర్శ బిందువులకూ గీతలు గీస్తే ఆరు లంబకోణ త్రిభుజాలు, జతలు జతలుగా సర్వసమానం. కేంద్రం దగ్గర ఒక్కో జతనుంచి ఒక్క కోణం తీసుకుంటే మూడింటి మొత్తం 180°. ఆ కోణాలే ర + ఐయ, ర + ఐల, ర + ఐవ అనే సంకీర్ణ సంఖ్యల ఆయామాలు (ఐ అంటే √−1, ఆయామం అంటే వాస్తవ అక్షంతో చేసే కోణం). గుణిస్తే ఆయామాలు కూడుకుంటాయి, 180° అంటే లబ్ధం వాస్తవ సంఖ్య. కల్పిత భాగం సున్నా. గుణించి చూడండి, అది

ర²(య + ల + వ) − యలవ = 0

కాబట్టి ర²స = యలవ. వైశాల్యం రస. వర్గం ర²స² = స × యలవ = స(స − అ)(స − ఇ)(స − ఉ). ఐపోయింది.

ఓఆర్ఆర్_బాటసారి | ఆదివారం రాత్రి 8:00

సార్, అద్భుతం. కానీ తొమ్మిదో తరగతి పిల్లకు సంకీర్ణ సంఖ్యలు ఎక్కడ చెప్పను? సరళం అంటే చిన్నదా, సులువైనదా?

జయనగర్_పంతులమ్మ | ఆదివారం రాత్రి 8:25

చూశారా, అసలు ప్రశ్న ఇప్పుడు అడిగారు. చిన్నది వేరు, సులువు వేరు. కోడర్ బాబు రెండు లైన్ల బరువంతా సూత్రంలో ఉంది. ఈయన ఐదు లైన్ల బరువంతా "గుణిస్తే ఆయామాలు కూడుకుంటాయి" అన్న ముక్కలో ఉంది. ఆ ముక్క తెలిసినవాడికి ఇది సులువు. తెలియనివాడికి ఇది మంత్రం. నేను మార్కులు వేసేటప్పుడు లైన్లు లెక్కపెట్టేదాన్ని కాదు. పిల్లవాడు ఏ లైను దగ్గర ఆగి ఆలోచించాల్సి వచ్చిందో చూసేదాన్ని.

మల్లేశ్వరం_మిక్చర్ | సోమవారం ఉదయం 10:50

ఇన్ని చెప్పారు గానీ మన ఊరిది వదిలేశారు. మోర్లీ సిద్ధాంతం!

ఏ త్రిభుజమైనా తీసుకోండి. మూడు కోణాలనూ మూడేసి సమభాగాలు చేయండి. ఒక్కో భుజానికి దగ్గరి రెండు త్రిఖండన రేఖలు కలిసే మూడు బిందువులూ సమబాహు త్రిభుజం అవుతాయి. ఎంత వంకర త్రిభుజమైనా సరే. ఫ్రాంక్ మోర్లీ 1899లో గమనించాడు. అంటే గ్రీకులకు కూడా తెలియని సిద్ధాంతం. కోణాన్ని స్కేలు, కంపాసుతో త్రిఖండించలేం కాబట్టి ఎవరూ అటు చూడలేదేమో అని నా ఊహ.

దీనికి పేరున్న తొలి సరళ నిరూపణల్లో ఒకటి 1909లో ఎం. టి. నారణయ్యంగార్‌ది. మన సెంట్రల్ కాలేజీ గణిత ఆచార్యుడు. మైసూర్ బ్యాంక్ సర్కిల్ దాటాక మెట్రో స్టేషన్ పేరులో కూడా ఉంటుందే, ఆ సెంట్రల్ కాలేజీ. ఇండియన్ మ్యాథమెటికల్ సొసైటీ జర్నల్‌కి సంపాదకుడు కూడా. 1911లో రామానుజన్ తొలి పేపర్, బెర్నూలీ సంఖ్యల మీద, అచ్చయింది ఆ జర్నల్‌లోనే. తర్వాత 1967లో కాక్సెటర్, గ్రైట్జర్ తమ పుస్తకంలో మోర్లీకి ఆయన నిరూపణనే ఎంచుకున్నారు. ఆ పుస్తకం పాత కాపీ నాకు ఎవెన్యూ రోడ్డులో దొరికింది. బేరమాడలేదు, సిగ్గేసింది.

కోణాలు 3త, 3థ, 3ద. కాబట్టి త + థ + ద = 60°. చ, ట ల నుంచి చటకు దగ్గరి రేఖలు ప దగ్గర కలుస్తాయి, దూరపు రేఖలు మ దగ్గర. చమట త్రిభుజంలో చప, టప కోణాలను సగం చేస్తున్నాయి, కాబట్టి ప దాని అంతర వృత్త కేంద్రం, మప కూడా మ కోణాన్ని సగం చేస్తుంది. ఇప్పుడు మప గీతకు అటు 30°, ఇటు 30° వచ్చేలా ప నుంచి గీతలు గీస్తే అవి మటను ఫ దగ్గర, మచను బ దగ్గర తాకుతాయి. పఫ = పబ, మధ్య కోణం 60°. పఫబ సమబాహు త్రిభుజం. ఇక కఫ, కబ గీతలు క కోణాన్ని త్రిఖండిస్తాయని చూపితే చాలు.

చక మీద చపకు సమానంగా ఒక బిందువు, బా. టక మీద టపకు సమానంగా ఇంకోటి, ఫా. చబ గీతకు అటూ ఇటూ చూస్తే బబా = బప. అలాగే ఫఫా = ఫప. కాబట్టి బాబ, బఫ, ఫఫా మూడు గీతలూ సమానం. కోణాలు లెక్కేస్తే బ దగ్గరా ఫ దగ్గరా 180° − 2త వస్తుంది, మీరే చేయండి. సమాన జ్యాలు, సమాన కోణాలు. నాలుగు బిందువులూ ఒకే వృత్తం మీద, ఒక్కో జ్యా వృత్తం మీద త కోణం చేస్తుంది. బాఫా దగ్గర మొత్తం 3త. క దగ్గర కోణం కూడా 3త. కాబట్టి క అదే వృత్తం మీద ఉంది, సమాన జ్యాలు దాన్ని మూడు సమభాగాలు చేస్తాయి.

ఓఆర్ఆర్_బాటసారి | సోమవారం రాత్రి 9:15

రింగ్ రోడ్డు జామ్‌లో క్యాబ్ వెనక సీట్లో కూర్చుని మొత్తం గీశాను. కోణం కుదిరింది. కానీ ఒకటి అర్థం కాలేదు. సమబాహు త్రిభుజం వస్తుందని చూపాల్సింది పోయి ముందే సమబాహు త్రిభుజం కట్టేసుకున్నారు. జవాబు ముందు పెట్టుకుని లెక్క చేస్తే మోసం కాదా?

మల్లేశ్వరం_మిక్చర్ | సోమవారం రాత్రి 10:02

కాదు. ఆయన కట్టిన ఫ, బ నిజమైన త్రిఖండన రేఖల మీదే ఉన్నాయని చివర చూపాడు. చప, చబ, టప, టఫ ఎలాగూ నిజమైనవే. క నుంచి కూడా నిజమైనవే అని తేలింది. ఒక కోణానికి త్రిఖండన రేఖలు రెండే కదా. కాబట్టి మోర్లీ బిందువులు ఇవే.

ఈ వెనకనుంచి వచ్చే పద్ధతిని చివరికంటా తీసుకుపోయినవాడు జాన్ కాన్వే. ఆయన ముక్కలు అతికిస్తాడు, నేను దానికి సైన్ సూత్రం తగిలించి చెబుతా, ఇంకా చిన్నదవుతుంది.

భుజం 1 గా సమబాహు త్రిభుజం పఫబ. దాని మూడు భుజాల మీద బయటికి మూడు త్రిభుజాలు అతికించండి.
కఫబ: క దగ్గర త, ఫ దగ్గర ద + 60, బ దగ్గర థ + 60.
చపబ: చ దగ్గర థ, ప దగ్గర ద + 60, బ దగ్గర త + 60.
టపఫ: ట దగ్గర ద, ప దగ్గర థ + 60, ఫ దగ్గర త + 60.
ప్రతిదాని కోణాల మొత్తం 180, సరిచూసుకోండి.

ఇప్పుడు ప చుట్టూ మిగిలిన కోణం 360 − 60 − (ద + 60) − (థ + 60), అంటే 180 − థ − ద. సైన్ సూత్రంతో చప = సైన్(త + 60)/సైన్ థ, టప = సైన్(త + 60)/సైన్ ద. పైన ఉన్నది ఒకటే. నిష్పత్తి చప : టప = సైన్ ద : సైన్ థ. చ దగ్గర థ, ట దగ్గర ద కోణాలున్న త్రిభుజానికి కూడా ఇదే నిష్పత్తి, ఇదే మధ్య కోణం. కాబట్టి చపట అదే ఆకారం. మిగతా రెండు వైపులా ఇంతే. మొత్తం కలిపితే కోణాలు 3త, 3థ, 3ద ఉన్న త్రిభుజం, త్రిఖండన రేఖలతో సహా తయారు. మీ త్రిభుజం దీనికి సరూపం. మీదాంట్లో కూడా మధ్యలో ఉన్నది సమబాహువే.

పాలమూరు_పిల్ల | సోమవారం రాత్రి 10:40

వామ్మో. నారణయ్యంగార్ గారిది గొప్పదే గని ఇది ఆగి ఆలోచించే జాగనే ఇయ్యలే.

జయనగర్_పంతులమ్మ | మంగళవారం ఉదయం 6:20

నా ఓటు నారణయ్యంగార్‌కే. మన ఊరి ఆయన అని కాదు. కాన్వే దాంట్లో ఆ ద + 60, థ + 60 ఎక్కడినుంచి వచ్చాయో పిల్లలు అడుగుతారు. "జవాబు తెలుసు కాబట్టి" అనడం తప్ప ఏం చెప్తాం? నారణయ్యంగార్ దాంట్లో అంతర వృత్త కేంద్రం కళ్లముందే కనిపిస్తుంది, 30° ఎందుకో కూడా కనిపిస్తుంది. తెలుసుకోవడానికి అది, సరిచూసుకోవడానికి ఇది.

బాటసారి గారూ, పాప మొదటి ప్రశ్నకు ఇదే నా జవాబు. కొత్త నిరూపణ సిద్ధాంతం నిజమా కాదా అని తేల్చడానికి కాదు. అది నిజం కావడానికి దేని మీద ఆధారపడిందో తేల్చడానికి. పైథాగరస్ సరూపం మీద నిలబడుతుంది, సరూపం లేకుండా భాస్కరుడి చదరాల మీదా నిలబడుతుంది. స్టైనర్–లేమస్ పెద్ద, చిన్న లేకుండా నిలబడదు. ఇది ఒక్క నిరూపణ చూసినవాళ్లకు తెలియదు.

హిందూపురం_హుషారు | మంగళవారం ఉదయం 8:15

నేనూ ఒకటి పెడతా, చిన్నదే. పరివృత్త వ్యాసార్ధం ఎప్పుడూ అంతర వృత్త వ్యాసార్ధానికి రెండింతలకు తక్కువ కాదు. ఆయిలర్ పేరు మీదుంటది. భుజాల మధ్య బిందువులు మూడింటి గుండా వృత్తం గీయి. ఆ మధ్య త్రిభుజం సగం సైజు కాబట్టి ఈ వృత్తం వ్యాసార్ధం పరివృత్తంలో సగం. ఇది మూడు భుజాలనీ తాకుతాది, కోసుకోని పోయినా తాకినట్టే లెక్క. మూడు భుజాలనీ తాకే వృత్తాల్లో అన్నింటికన్నా చిన్నది అంతర వృత్తం. అంతే గదా.

అర్ధరాత్రి_కోడర్ | మంగళవారం మధ్యాహ్నం 12:30

"అన్నింటికన్నా చిన్నది" ఎందుకన్నా?

హిందూపురం_హుషారు | మంగళవారం మధ్యాహ్నం 1:05

ఆ వృత్తానికి మూడు భుజాలకీ సమాంతరంగా, బయటివైపున స్పర్శరేఖలు గీయి. వచ్చే త్రిభుజం మనదానికి సరూపం, మనదాన్ని కడుపులో పెట్టుకోని ఉంటాది. దాని అంతర వృత్తం ఇదే. పెద్ద త్రిభుజం అంతర వృత్తం మనదానికన్నా చిన్నదెట్లయితాది?

సున్నా_కన్నా_తక్కువ | మంగళవారం మధ్యాహ్నం 1:40

హుషారు గారూ, ఇది ఈ మొత్తం చర్చలో నాకు నచ్చిన నిరూపణ. సూత్రం లేదు, లెక్క లేదు.

ఓఆర్ఆర్_బాటసారి | మంగళవారం రాత్రి 9:30

అమ్మాయికి భాస్కరుడి చదరం, గౌస్ ఎత్తులు, హుషారు గారి వృత్తం చూపించాను. మూడోది తనే మళ్లీ గీసి వాళ్ల అమ్మకు చెప్పింది. ఇప్పుడు కొత్త ప్రశ్న. ఆ మధ్య బిందువుల వృత్తం, అంతర వృత్తం రెండూ ఒకదాన్నొకటి తాకుతాయా అని. బొమ్మలో తాకుతున్నట్టే ఉంది.

కర్ణం | మంగళవారం రాత్రి 10:10

తాకుతాయి! సమబాహు త్రిభుజంలో రెండూ ఒకటే, మిగతా అన్నింట్లో లోపలినుంచి తాకుతాయి. అది ఫోయర్‌బాక్ సిద్ధాంతం, 1822. పాప బొమ్మ చూసి పట్టేసిందంటే భలే. దీనికి తొమ్మిదో తరగతికి సరిపోయే నిరూపణ మాత్రం నా దగ్గర లేదు. నాకు తెలిసినవన్నీ విలోమ పరివర్తనమో, పేజీల కొద్దీ దూరాల లెక్కలో. ఎవరి దగ్గరైనా ఉందా? కొత్త చర్చ తెరుస్తున్నా, అక్కడ పెట్టండి.